జాకెట్టు లోపలి బట్ట

బరువు తగ్గాలంటే అన్నం మానేసి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినమని డాక్టరు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. జహీరాబాదులో జొన్నరొట్టె తినని ఇల్లు ఏది? మా ఇంట్లోనూ రోజూ తింటాం. తిన్నాక అన్నం తింటాం. రొట్టెలు ఎన్ని తిన్నా, చివర ఇంత అన్నం పడకపోతే మా అత్త లెక్కలో అది భోజనమే కాదు. న్యాల్‌కల్ వైపు పల్లెలో పండుగపూట మాత్రమే వరి అన్నం చూసి పెరిగిన మనిషి ఆమె.

అయినా ఆ ఎండాకాలమంతా పంతం పట్టి రొట్టెతోనే ఆపి కంచం ముందు నుంచి లేచాను. ఒళ్లు తగ్గింది. వదులైన జాకెట్లు బిగించమని మా గల్లీ టైలర్‌కు ఇచ్చాను. మిగిలిన బట్ట కత్తిరించెయ్యమంటే వినలేదు.

"లోపట ఉండనియ్యి అక్కా, మల్ల అక్కరకొస్తది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

తర్వాత ఝరాసంగంలో ఒక పెళ్లికి వెళ్లాం. చూసినవాళ్లంతా మా అత్తనే అడిగారు: "కోడలు గిట్ల ఎండిపోయిందేంది? షుగరొచ్చిందా, తిండి పెడ్తలేవా?"

ఇంటికొచ్చి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా ఇజ్జత్ కోసమన్న ఇంత తిను బిడ్డా," అంటూ అన్నం వడ్డించింది. ఆ ముద్దను కాదనలేకపోయాను. మర్నాటి ముద్దనూ కాదనలేకపోయాను. ఇప్పుడు డాక్టరు నా బరువు చూసి ఏమీ అనడం మానేశాడు.

ఈ ఉదయం జాకెట్టు చేతులు పట్టేస్తుంటే, బ్లేడుతో నేనే కుట్లు విప్పాను. పైబట్ట వెలిసిపోయింది. లోపల మడిచిన బట్ట మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంది.