వలగుళ్ళ లోవమ్మ

నరసాపురం దగ్గర గోదావరిలో వల విసిరేవాళ్ళెవరిని అడిగినా లోవమ్మ ఇల్లు చూపిస్తారు. విసురువల నీళ్ళలో మునగాలంటే అంచు పొడవునా సీసం గుళ్ళు ఉండాలి. ఆ గుళ్ళు కట్టడంలో లోవమ్మకు సాటి లేదని ఊరంతా ఒప్పుకుంటుంది. ఊరు ఒప్పుకోకపోయినా ఆవిడ చెప్పుకోవడం మానదు. ఉప్పాడ నుంచి కోడలిగా వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు ఇంకేం ఇచ్చారో గానీ ఈ పని మాత్రం నేర్పి పంపారు. వంటింట్లో మూకుడు పెట్టి సీసం కరిగించి, రేకులా పోసి, ముక్కలు కత్తిరించి, వల తాడుకు చుట్టి పంటితో ఒక్క నొక్కు నొక్కుతుంది. పటకారుతో నొక్కేవాళ్ళంటే ఆవిడకు చిన్నచూపు.

కొడుకు గంగాధర్ బోటు మీద సముద్రానికీ, కోడలు రొయ్యల ఫ్యాక్టరీకీ వెళ్ళిపోతే, ఐదేళ్ళ మనవరాలు సారిక ఆలనాపాలనా లోవమ్మదే. ఆ పిల్లకు కొన్నాళ్ళుగా ఒకటే కడుపునొప్పి. అన్నం సహించదు. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండదు. ఆస్పత్రిలో డాక్టర్ ఫణిశ్రీ రక్తపరీక్ష చేయించి, పిల్ల ఒంట్లో సీసం చేరిందనీ, ఇలాగే పెరిగితే తెలివితేటలు దెబ్బతింటాయనీ చెప్పింది.

ఊరి చివర పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు ఉంది. ఇంకేం, లోవమ్మ ఊరుకుంటుందా? ఆడవాళ్ళందరినీ పోగేసి గేటు ముందు బైఠాయించింది. యజమానిని ఏడు తరాలతో సహా తిట్టిపోసి, అధికారులొచ్చి తాళం వేసేదాకా కదల్లేదు. వస్తూ వస్తూ వాచ్‌మన్‌ని బతిమాలి, మిగిలిన సీసం దిమ్మలు తెచ్చుకుంది. ఎప్పుడూ తెచ్చుకునేది అక్కడే మరి. విషమంతా పొగలో ఉందాయె, దిమ్మలో ఏముంటుంది?

గాలిలో ఇంకేమైనా మిగిలిందేమోనని సారికను వీధిలోకి పోనివ్వడం మానేసింది. తలుపులూ కిటికీలూ మూసి, పొద్దస్తమానం తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

మళ్ళీ పరీక్ష చేస్తే సీసం తగ్గకపోగా పెరిగింది.

లోవమ్మకు మతిపోయింది. షెడ్డు మూతపడింది. పొగ లేదు. పిల్ల గడప దాటలేదు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది? నీళ్ళలోంచా? పాలలోంచా? లేక ఆస్పత్రి మిషనే తప్పు చెప్పిందా? ఎటు ఆలోచించినా తెగలేదు. దిష్టి కూడా తీసి చూసింది.

చివరికి ఫణిశ్రీయే ఇంటికి వచ్చింది.

"లోపలికి రండమ్మా, పొయ్యి మీద పనుంది," వంటింట్లోంచి కేకేసింది లోవమ్మ.

డాక్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది. మూకుడులో సీసం కరుగుతోంది. పక్కనే సారిక ఒళ్ళో వల పెట్టుకుని, పాలపళ్ళతో గుండు నొక్కుతోంది.

"చూశారాండి, అప్పుడే పని పట్టేసింది!" లోవమ్మ మురిసిపోయింది.

"మామ్మగారూ, పాపకి ఇదెప్పట్నుంచి అలవాటండీ?"

"బయటికి పంపడం మానేసినప్పట్నుంచేనండి. దానికీ పొద్దు గడవాలి కదండి."

డాక్టర్ ముందు పిల్ల చేతిలోంచి వల తీసేసింది. పొయ్యి ఆర్పించి కిటికీలు తెరిచింది. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. మూకుడులోంచి లేచే పొగ, నేల మీద పడే దుమ్ము, పంటి కింద గుండు, చివరికి లోవమ్మ చీరా చేతులూ కూడా పిల్లకు ప్రమాదమే. ఈ పని ఇంట్లోంచి పోయి, ఇల్లంతా శుభ్రంగా కడిగేదాకా సారిక ఇక్కడ ఉండకూడదు.

"నేను చిన్నప్పట్నుంచీ నొక్కుతున్నానండి. మా అమ్మా నొక్కింది. మాకేం అయ్యిందండి?"

"అయ్యే ఉంటుందండి. అప్పుడు ఎవరూ పరీక్ష చేసి చూళ్ళేదు."

లోవమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. తిట్టిపోయడానికి ఈసారి ఎదురుగా ఎవరూ లేరు.

సాయంత్రం కోడలు వచ్చి, పిల్లను తన పుట్టింటికి తీసుకెళ్ళడానికి బట్టలు సర్దింది. వెళ్ళేముందు సారిక పరుగెత్తుకొచ్చి ఒళ్ళోకి ఎక్కబోయింది. లోవమ్మ గబుక్కున లేచి గోడకు ఆనుకుంది.

"నా దగ్గరికి రాకే అమ్మా."

"ఎందుకు మామ్మా? నేనేం చేశాను?"

లోవమ్మ చేతులు రెండూ వెనక దాచుకుని అలాగే నిలబడింది.