కుదురుగా కూర్చునే షిగెనో

జపాన్‌లోని ఒకాయా ఊళ్లో సరస్సు వైపు దిగే సందులో యసోకిచి కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి చూపించేవారు. పాత కెమెరాలు బాగుచేయడంలో ఆయనకంత పేరు. ఆయన భార్య షిగెనో పేరు మాత్రం ఊళ్లో చాలామందికి తెలియదు. మొహం చూస్తే గుర్తుపట్టేవారు. కొట్టు గోడ నిండా ఆవిడ ఫొటోలే ఉండేవి మరి.

షిగెనో కొండల అవతలి పల్లె నుంచి చిన్నతనంలోనే పట్టుమిల్లు పనికి వచ్చింది. వేడినీళ్లలో తేలే పట్టుగూళ్లలోంచి కంటికి ఆనీ ఆనని పోగు కొస వెతికి పట్టుకోవడం ఆవిడ పని. వేళ్లు ఉడికిపోయేవి గానీ చూపు మాత్రం సూదిమొనలా తేరింది. యుద్ధం తర్వాత మిల్లు మూతపడితే లెన్సులు సానబట్టే కార్ఖానాలో చేరింది. అక్కడ లెన్సును కెమెరాకు బిగించి సరిచూసే బల్ల దగ్గర యసోకిచి ఉండేవాడు. మితభాషి. పెళ్లి సంగతి కూడా తను నోరు విప్పి అడగలేక మేస్త్రీ భార్య చేత అడిగించాడు. కొన్నేళ్లకు ఇద్దరూ కార్ఖానా మానేసి సొంత కొట్టు పెట్టుకున్నారు.

ఆయన చేతికొచ్చే కెమెరాల్లో ఫొటో తీసేవాడు లెన్సులోంచి చూడడు. పైన పక్కగా ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాడు. ఆ కిటికీ నడిమధ్యలో ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి కలిపితే దూరం కుదిరినట్టు. కిటికీ చెప్పిందీ లెన్సు చేసిందీ ఒకటేనా కాదా అన్నది ఫిల్ము కడిగితే గానీ తెలియదు. మామూలు లెన్సయితే కాస్త తేడా ఉన్నా గడిచిపోతుంది. దీపం వెలుగులో కూడా ఫొటో తీయగల పెద్దనోటి లెన్సుతోనే వస్తుంది తంటా అంతా. గజం దూరంలో కూర్చున్న మనిషి కళ్లు తేటగా పడితే చెవులు మంచులో కలిసిపోతాయి. దూరం రెండు వేళ్ల వెడల్పు తప్పినా ఆ కళ్లు దక్కవు. అలాంటి లెన్సుల కోసమే ఎక్కడెక్కడి వాళ్లో యసోకిచిని వెతుక్కుంటూ వచ్చేవారు.

లోపలి మీటను రవ్వంత జరిపీ, లెన్సు కింద ఉల్లిపొరలాంటి ఇత్తడి ఉంగరాలు మార్చీ ఆయన లెక్క సరిచేసేవాడు. ముందు కెమెరాను స్టాండు మీద నిలిపి, ఏటవాలుగా పెట్టిన స్కేలును ఫొటో తీసేవాడు. అది సరిగ్గా వచ్చినా తృప్తి ఉండేది కాదు. మనుషులు స్కేళ్లను ఫొటోలు తీసుకోరు కదా అని ఆయన వాదం. అప్పుడు షిగెనోను పిలిచి ఉత్తరం కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా చేత్తో పట్టుకుని, ఆవిడ ఎడమ కంటి రెప్పవెంట్రుకల మీద గురి పెట్టేవాడు. ఆ వెంట్రుకలు ఫిల్ము మీద విడివిడిగా పడితేనే కెమెరా కొట్టు దాటేది.

పక్కింటి ఒయోనె ఊరుకునేది కాదు. "మీ ఆయనకి నీమీద ఎంత పిచ్చే వదినా. పూటకో ఫొటో తీస్తాడు" అని ఆటపట్టించేది.

"నామీద కాదమ్మా, నా కనురెప్పల మీద" అనేది షిగెనో. "మొహంలో మిగతాదంతా ఆయనకి మసకే."

పైకి అలా అన్నా ఆ కుర్చీ అంటే ఆవిడకు లోలోపల గర్వం. అందులో కూర్చుంటే ఊపిరి కూడా అడిగి వస్తుందా అన్నట్టు ఉండేది. కూతుర్ని మోస్తున్న రోజుల్లో కడుపులో బిడ్డ తన్నినా రెప్ప కదిలేది కాదు. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చినా సరే, షట్టరు టక్కుమన్నాకే లేచేది. కెమెరాలు ఆయనవి, కుదురు తనది. ఇద్దరూ కలిస్తేనే పని పూర్తయ్యేదని ఆవిడకు తెలుసు.

కూతురు పెళ్లయి మత్సుమోతో పట్నానికి వెళ్లిపోయిన చాలా ఏళ్లకు, ఒక శరత్తులో, సూపు గిన్నె చేతిలో వణకడం షిగెనో గమనించింది. చలికేమో అనుకుంది. కొన్నాళ్లకు ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు దానంతటదే కొద్దిగా ముందుకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చేది, కట్టేసిన పడవ అలకు కదిలినట్టు. పళ్లు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లింది. నరాల జబ్బని, నెమ్మదిగా ముదురుతుందని, మందులతో కొంత అదుపులో ఉంటుందని డాక్టరు మెత్తగా చెప్పాడు.

మందు పొట్లాలు కుట్టుపెట్టె అడుగున దాచింది. ఇంటి పనిలో ఎప్పుడూ ఏదో ఒకటి కదుపుతూనే ఉంటుంది కాబట్టి వణుకు కనబడేది కాదు. సాయంత్రాలు, అడుగున కుంపటి ఉండే బల్ల మీది దుప్పటి కిందికి చేతులు దోపేసేది. జబ్బు సంగతి చెప్పడానికి ఆవిడకు భయం లేదు. చెబితే మర్నాటి నుంచి ఆ కుర్చీలో కూర్చోనివ్వడు. దానికే నోరు రాలేదు.

కొత్త సంవత్సరం దాటాక మొమోసే అనే ఆయన వచ్చాడు. పత్రికలో ఫొటోలు తీసి రిటైరైన మనిషి. పైకొండల్లోని తన పల్లెలో మంచు కాలం చివర ఊళ్లోవాళ్లే కాగితపు దీపాల కింద నాటకం వేస్తారు. దాన్ని ఫ్లాషు లేకుండా తీయాలని ఆయన కోరిక. పెద్దనోటి లెన్సున్న తన పాత కెమెరాను యసోకిచి ముందు పెట్టి, ఫొటోల్లో కళ్లు తేటగా పడటం లేదని, కాస్త చూడమని అడిగి వెళ్లాడు.

యసోకిచి సరిచేశాడు. స్కేలు చక్కగా వచ్చింది. షిగెనోను కూర్చోబెట్టి తీస్తే చెవి మీది వెంట్రుకలు తేటగా, కళ్లు అలికేసినట్టు వచ్చాయి. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. స్కేలు మళ్లీ బాగానే ఉంది, మొహం మళ్లీ తప్పింది. స్టాండు మీద కుదిరేది తన చేతిలో కుదరడం లేదంటే లోపం కెమెరాలో కాదు, తనలోనే అన్న అనుమానం ఆయనకు పట్టుకుంది. కెమెరా కిటికీలో రెండు బొమ్మలూ కలిసినట్టే కలిసి విడిపోతున్నాయని, తన కన్నే ఆడుతోందని ఒకరోజు భోజనం దగ్గర నెమ్మదిగా అన్నాడు. షిగెనో ముల్లంగి పచ్చడి ఆయన వైపు జరిపింది.

ఆయన కళ్లజోడు మార్చాడు. లాభం లేకపోయింది. చేతులే వణుకుతున్నాయేమోనని, రాత్రి అన్నానికి ముందు వేడిచేసుకునే ఆ చిన్న గిన్నెడు సారా మానేశాడు. పెళ్లినాటి నుంచీ ఆయనకున్న ఒకే ఒక్క సరదా అది. తళతళలాడుతూ అలమరలో బోర్లించి ఉన్న గిన్నె కనబడినప్పుడల్లా షిగెనో చూపు తిప్పుకునేది. కుర్చీలో వీపు వెనక దిండు కుక్కుకుంది. పళ్లు బిగబట్టింది. బిగబట్టిన కొద్దీ ఒళ్లు ఇంకా ఊగింది. ఈ లోపు ఆయన బల్ల మీదున్న వేరే వాళ్ల కెమెరాలు కూడా ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి, క్షమించమంటూ తిప్పి పంపడం మొదలుపెట్టాడు.

మొమోసే చెప్పిన రోజుకే వచ్చాడు. యసోకిచి కెమెరాను ఆయన ముందు పెట్టి, చాప మీద రెండు చేతులూ ఆనించి వంగాడు.

"నావల్ల కాలేదండీ. నా కన్ను పాడైంది. తోక్యోలో ఎవరికైనా చూపించుకోండి. ఇక కొట్టు మూసేద్దామనుకుంటున్నాను."

అప్పుడే షిగెనో టీ పట్టుకొచ్చింది. పళ్లెంలో గిన్నెలు గలగలమంటున్నాయి. ఆవిడ పళ్లెం కింద పెట్టి, లోపలికి వెళ్లకుండా అక్కడే కూర్చుంది.

"ఆయన కన్ను బాగానే ఉందండీ మొమోసే గారూ" అంది. "ఊగుతున్నది నేను."

యసోకిచికి అర్థం కాలేదు. షిగెనో చేతులు రెండూ తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. దాచకుండా చూపించడం అదే మొదటిసారి. అవి వాటి పాటికి అవి వణుకుతున్నాయి. మొమోసే ఒక్క క్షణం చూసి, సిగరెట్లు కొనడం మరిచానని గొణిగి, బూట్లు తొడుక్కుని బయటికి నడిచాడు. జేబులో సిగరెట్టు పెట్టె కనబడుతూనే ఉంది.

"ఎప్పట్నించి?" అన్నాడు యసోకిచి.

"ఆకులు రాలేటప్పట్నించి."

"పళ్ల డాక్టరని వెళ్లావు?"

"పళ్లు బాగానే ఉన్నాయి."

ఆయన చాలాసేపు ఆ చేతుల్నే చూశాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే ఆ కుర్చీలోంచి లేపేస్తారు" అంది షిగెనో. "ఇంకేం పని ఉంది నాకు? మీ కన్ను పోయిందని మీరు అనుకుంటుంటే నోరు మూసుకున్నాను చూడండి, అంత పాపిష్టిదాన్ని."

యసోకిచి మోకాళ్ల మీద జరిగి దగ్గరికి వచ్చాడు. ఆవిడ చేతులు తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. వణుకు ఆయన మోచేతుల దాకా పాకింది.

"శీతాకాలమంతా సారా మానేశాను కదే నీవల్ల" అన్నాడు.

షిగెనో నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఆయన లేచి వెళ్లి మొహం తుడుచుకోవడానికి గుడ్డ తెచ్చాడు. అది లెన్సులు తుడిచే గుడ్డ. పట్టించుకోలేదు.

మొమోసే తిరిగొచ్చేసరికి కొట్టులో వాళ్ల చోట్లు తారుమారయ్యాయి. కుర్చీలో యసోకిచి ఉన్నాడు. స్టాండు మీద కెమెరా, దాని వెనక షిగెనో. ఆ ఆలోచన ఆయనదే. పట్టుపోగు కొస పట్టిన కన్ను నీది, రెండు బొమ్మలు కలపడం నీకొక లెక్కా అన్నాడట. చేతులు వణికినా స్టాండు వణకదు. షట్టరుకు తీగ బిగిస్తే బొత్తాన్ని తాకే అవసరమే లేదు.

యసోకిచికి కూర్చోవడం చేతకాలేదు. మెడ దురద పెట్టింది. కాలు తిమ్మిరెక్కింది. "ఇన్నేళ్లూ ఎలా కూర్చున్నావే దీంట్లో" అని గొణిగాడు.

"మాట్లాడకండి. గడ్డం ఊగుతోంది."

"గాలి పీల్చుకోవచ్చా?"

"అయ్యాక పీల్చుకోండి."

మొమోసే తలుపు దగ్గరే నిలబడి, నవ్వు బయటికి రాకుండా మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రం ఫిల్ము కడిగి దీపానికి పట్టి చూస్తే యసోకిచి కనురెప్పలు, నెరిసిన కనుబొమలు, వెంట్రుక వెంట్రుకా విడివిడిగా పడ్డాయి. కెమెరాలో ఏ లోపమూ లేదు. అది సరయి చాలా రోజులైంది. మొమోసే దాన్ని గుండెలకు హత్తుకుని పట్టుకెళ్లాడు. ఆ రాత్రి షిగెనో తనే సారా వేడిచేసింది. వంపేటప్పుడు బల్ల మీద సగం ఒలికితే యసోకిచి వంగి బల్ల మీదిదే జుర్రుకున్నాడు.

తిప్పి పంపిన కెమెరాలన్నీ మళ్లీ వచ్చాయి. కొన్నేళ్ల పాటు ఆ కొట్టు దాటిన ప్రతి కెమెరాకూ చివరి చూపు షిగెనోదే. గోడ మీద ఆవిడ ఫొటోల పక్కన బిత్తరచూపుల యసోకిచి ఫొటోలు చేరాయి. ఇప్పుడెవరికి ఎవరంటే పిచ్చి అని ఒయోనె కొత్తగా మొదలుపెట్టింది.

జబ్బు డాక్టరు చెప్పినట్టే నెమ్మదిగా ముదిరింది. ఆవిడ నిలబడలేని రోజు వచ్చాక యసోకిచి కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. అన్నం వండడం నేర్చుకున్నాడు. ఆవిడ దుప్పటి కప్పుకుని కూర్చుని, ఉప్పు ఎంతో, మంట ఎంతో చెప్పేది. మధ్యాహ్నాలు వెలుగు బాగున్నప్పుడు ఆయన పెద్దనోటి లెన్సు తీసేవాడు. దేన్నీ సరిచూడటానికి కాదు.

"ఎందుకండీ దండగ. ఊగుతాను."

"ఊగు."

అలా తీసిన ఫొటోల్లో కళ్లు ఎప్పుడోగానీ దొరకలేదు. ఒకదాంట్లో మెడ దగ్గర జుట్టు పడింది, ఒకదాంట్లో కిమోనో అంచు. ఒకదాంట్లో అసలేమీ పడలేదు, తెల్లటి వెలుగులో ఆవిడ నవ్వుతున్న ఆకారం తప్ప. దాన్ని పారేయమంది షిగెనో. యసోకిచి విననట్టే ఊరుకుని, పెద్దది చేసి, తను పడుకునే చోట తలవైపు గోడకు అంటించుకున్నాడు.