గ్లాసు బోర్లించే మేడమ్

పాడేరులో మా కాఫీ రైతుల సంఘం ఆఫీసుకి ఒక కంప్యూటర్ మేడమ్ ఉండేది. ముంచింగిపుట్టు వైపు మనిషి. టీ తాగగానే గ్లాసు బోర్లించేది. "మా ఊళ్లో జీలుగు చెట్టు కల్లు అయిపోతే ఆకర్న లేచినోలు కుండ బోర్లించాల," అనేది. టీలు అందించే నేను బల్ల మీద మరకలు తుడవలేక చచ్చేవాణ్ణి.

ఆ ఏడు తోటలకి పురుగు పట్టింది. ఒకరోజు, ఏ ఊళ్లకి ముందు కబురు పంపాలో మధ్యాహ్నంలోగా తేలకపోతే పంట పోయినట్టే. అది తేల్చాల్సినవి నాలుగు ప్రోగ్రాములు. తోటల వివరాలన్నీ ఒక్కోదానికీ విడిగా ఎక్కిస్తే మా ముసలి కంప్యూటర్ మోయలేదు. అందుకని మేడమ్ మెమరీలో ఒక్కచోటే పెట్టి, నాలుగింటినీ అక్కణ్ణుంచే చదువుకోమంది. పొద్దున్న పరీక్షకి చక్కగా నడిచింది. అసలు పనికి మాత్రం కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"ఏటైంది మేడమ్?"

"పొద్దుటి ప్రోగ్రాములు ఆపీసినాను. మెమరీ ఇంకా నిండుగానే ఉంది!"

"గ్లాసైతే బేగి బోర్లించేత్తారు," అన్నాను మరక తుడుస్తూ.

తిట్టబోయి ఆగింది. "ఓరి నాయనో, కుండ బోర్లించకుండా ఒగ్గేసినాను!"

తాగినవాళ్లలా ప్రోగ్రాములు లేచిపోయినా, ఖాళీ చేసేవాళ్లు లేక పొద్దుటి వివరాలు మెమరీలోనే కూర్చున్నాయి. వాటిని ఖాళీ చేసి మళ్లీ నడిపింది. కబుర్లు వేళకి వెళ్లాయి.

బదిలీ అయి వెళ్లేరోజు టీ తాగి, గ్లాసు నిటారుగానే వదిలేసింది.

"బోర్లించరేటి మేడమ్?"

"అయిపోయిందని నీకెవులు సెప్పినారు?"