బొలోన్యా వసారాల్లో జైబక్క

అజ్మాన్‌లో నా కుట్టు దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో జైబున్నీసా ఒక్కతే కొలతలిచ్చేటప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటుంది. చేతులెత్తమంటే ఎత్తి, ఆ ఎత్తిన చేతులు తిప్పుతూ కబుర్లు చెబుతుంది. అలాంటి మనిషి పోయిన అక్టోబరులో ఇటలీ నుంచి వచ్చి, నా స్టూలు మీద కూర్చుని పావుగంట నోరు విప్పలేదు. నాకు భయమేసింది. తర్వాత సంగతి విన్నాక ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జైబక్కది రాయచోటి. యాభై దాటింది. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఒకే అరబ్బు ఇంట్లో పని. ఆ ఇంటావిడను మామా అంటుంది. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసేవాళ్లంతా యజమానురాలిని అలాగే పిలుస్తారు. మామా చెడ్డది కాదు. ఈ మాట రాయకపోతే జైబక్క నన్ను బతకనివ్వదు. జ్వరమొస్తే దగ్గరుండి డాక్టరుకు చూపిస్తుంది. రాయచోటిలో మొగుడు పోయిన కబురొచ్చినప్పుడు తనే ఏడుస్తూ టికెట్ తీసింది. కానీ జైబక్క పాస్‌పోర్టు ఉండేది మామా బీరువాలోనే. అలా దాచుకోకూడదని చట్టముందే తల్లీ అని వందసార్లు చెప్పి ఉంటాను.

"ఉండనీలేమ్మా, నాకాడుంటే యాడో పారేసుకుంటా" అనేది.

ఊరికి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టు గుమ్మంలో చేతికిస్తారు, తిరిగి రాగానే తీసుకుంటారు. అది కాక చేతికొచ్చేది పనిలోంచి తీసేసిన రోజే. ఈ సంగతి ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు చేతిలో పెట్టారంటే ఖలాస్, మూట సర్దుకోవాల్సిందే.

మామా, ఎనభై దాటిన ఆమె తల్లి, జైబక్క, ముగ్గురూ దుబాయ్ నుంచి ఒక గ్రూపు టూరులో ఇటలీ వెళ్లారు. తొమ్మిది రోజులు, నాలుగు ఊళ్లు. ముసలావిడది చక్రాల కుర్చీ. ఆ కుర్చీ తోసింది జైబక్క. కాబట్టి ఇటలీలో ఆమె చూసిందల్లా ముసలావిడ నడినెత్తి, బాత్రూము తలుపులు. చివరి ఊరు బొలోన్యా. ఆ రాత్రికే విమానం.

ఆ పొద్దున టిఫిన్ల దగ్గర, టూరు నడిపే అఖీల్ అనే హైదరాబాద్ కుర్రాడు అందరికీ చెప్పాడట, ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకోండి, పోలీసులు అడగొచ్చని. జైబక్క అప్పుడు పైన గదిలో ముసలావిడకు బట్టలు తొడుగుతోంది. ఆ మాట ఆమె చెవిన పడలేదు. ఆమె చూసిందేమిటంటే, మామా గదిలోకి వచ్చింది, సంచిలోంచి పాస్‌పోర్టు తీసి తన చేతిలో పెట్టింది.

"అమ్మను నేను చూసుకుంటా. నీకు ఈరోజు పనేం లేదు. ఊరు చూసి, నాలుగింటికి హోటలు ముందు బస్సు దగ్గరికి రా" అంది.

"అంతే సుభాషిణమ్మా," అంది నా స్టూలు మీద కూర్చున్న జైబక్క, "నా పని అయిపాయ అనుకున్యా. ఏం తప్పు చేసినా మామా అని అడగాలనుకున్యా. నోరు రాలా."

"అడిగి చావొచ్చు కదా! నా ప్రాణం తియ్యడానికి వస్తుంది కదా ఆ నోరు!" అన్నాను.

"అడిగితే నిజమైపోతాదేమోనని."

అలా పాస్‌పోర్టు రవికెలో దోపుకుని బయటపడింది. ఎయిర్‌పోర్టులో వాళ్లదొక విమానం, తనదొక విమానం, తనను అటునుంచి అటే ఇండియాకు పంపేస్తారని లెక్క తేల్చుకుంది. ఇక ఊరేం చూస్తుంది? బొలోన్యాలో వీధులన్నీ వసారాలేనట. స్తంభాలు, పైన వంపులు, ఒక ఇంటి వసారా పక్కింటి వసారాలో కలిసిపోయి ఊరంతా సాగుతుందట. ఏ మూల తిరిగినా అవే ఎర్రగోడలు. తప్పులు వెతుక్కుంటూ నడిచింది. మొన్న సూపు ఒలకబోసినందుకా? కుర్చీ చక్రం మెట్టుకు తగిలినందుకా? ముసలావిడ నిద్రపోతున్నప్పుడు ఫోనులో కోడలితో నవ్వినందుకా? ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా ఒక్కో సందు తిరిగింది. మూడుసార్లూ అదే పెద్ద చౌకులో తేలింది. అక్కడి చర్చికి కింద సగం పాలరాయి, పైన సగం ఉత్త ఇటుకలు. మేస్త్రీ మధ్యలో పారిపోయినాడేమో అనుకుందట. అంత దుఃఖంలోనూ ఆ మాట అనుకుంది చూడండి, అదీ జైబక్క.

ఒక సందులో కూరగాయల కొట్టు. గల్లా దగ్గర బంగ్లాదేశ్ మనిషి. హిందీ వినబడగానే ప్రాణం లేచొచ్చి, పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. "భయ్యా, నా దుబాయ్ వీసా కొట్టేసినారేమో చూడు." అతను పేజీలన్నీ తిప్పాడు. ఇప్పుడు దుబాయ్ వీసా ముద్ర పాస్‌పోర్టులో వెయ్యరని అతనికీ తెలీదు, ఆమెకూ తెలీదు. అది ఎక్కడా కనబడకపోయేసరికి ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అది లేదు గానీ, ఇటలీ వీసాకు ఇంకా ఆరు రోజులుంది. మీ మేడం వద్దంటే నీకేం అక్కా? ముసలివాళ్లను చూసుకునే పని ఇక్కడ బోలెడు. ఉండిపోయినవాళ్లు ఎందరు లేరు? పాస్‌పోర్టు నీ చేతిలోనే ఉంది కదా" అన్నాడతను.

ఆ మాటతో ఉన్న మతి కూడా పోయింది. కొట్టు ముందు అరుగు మీద కూలబడింది.

"వాళ్లు పొమ్మనిరి, ఈయనెవరో ఉండమనె. రాయచోటిలో కోడలు రమ్మంటాదో లేదో తెలీదు. నాకేం కావాలో నాకే తెలీకపాయ సుభాషిణమ్మా. యాడికైనా పోవచ్చు అంటే, అదేందో, యాడికీ పోబుద్ధి కాలా. ఏడుపొచ్చె."

కళ్లు తుడుచుకోవడానికి రుమాలు కోసం సంచిలో చెయ్యిపెడితే ముసలావిడ కంటి చుక్కల సీసా తగిలింది. మూడింటికి వెయ్యాల్సినవి. అప్పటికే మూడున్నర. "యా అల్లా!" అని లేచి, హోటలు కార్డు కనబడినవాళ్లందరికీ చూపిస్తూ ఆ వసారాల్లో పరిగెత్తింది. పనిలోంచి తీసేశారనుకున్న మనిషి, తీసేసినవాళ్ల తల్లికి చుక్కలు వెయ్యడానికి పరిగెత్తిందండీ! వినగానే టేపు విసిరికొట్టాను.

రొప్పుతూ బస్సు దగ్గరికి వెళ్లి, ముసలావిడ తల వెనక్కి వంచి చుక్కలు వేసింది. ఈలోగా అఖీల్ బస్సు మెట్టు మీద నిలబడి, ఎయిర్‌పోర్టు కౌంటరులో చూపించాలి, అందరి పాస్‌పోర్టులూ ఇవ్వండన్నాడు. అందరూ ఇచ్చారు. జైబక్క రవిక మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమైందమ్మా అని అతనడిగితే భోరుమంది. నన్నెందుకు పంపేస్తున్నారు అంది. అఖీల్ మొత్తం విని, తల పట్టుకుని, పొద్దున తాను చెప్పిన మాట మళ్లీ చెప్పాడు. మామాకు అరబ్బీలో వివరించాడు. మామా పడీపడీ నవ్వింది. పిచ్చిదానా అని జైబక్క బుగ్గ గిల్లింది. బస్సంతా నవ్వింది. జైబక్క కూడా నవ్వి, పాస్‌పోర్టు తీసి ఇచ్చింది.

ఎయిర్‌పోర్టు కౌంటరు దాటగానే ఎవరి పాస్‌పోర్టు వాళ్లకు తిరిగొచ్చింది. అజ్మాన్‌లో ఇంటికి చేరాక మామా పెట్టెలు దించి, బీరువా తెరిచి, ఎప్పటిలాగే ఇటు చూడకుండా చెయ్యి చాపింది.

"నాకాడ్నే ఉండనీ మామా" అంది జైబక్క.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదట. మామా ఇటు తిరిగింది. బీరువా తలుపు పట్టుకుని, "వెళ్లిపోతున్నావా జైబూ? మేం ఏం తప్పు చేశాం?" అంది. పక్క గదిలోంచి ముసలావిడ ఏమైందని కేకేసింది. మామా మంచం మీద కూర్చుని ఏడ్చేసింది.

అది విని నాకు భలే సంతోషమేసింది. తిక్క కుదిరింది అన్నాను. జైబక్క నవ్వలేదు.

"యాడికీ పోను మామా, ఊరికే నాకాడ ఉంచుకుంటానంతే అని చెప్పినా. నమ్మలా. ఆ పొద్దునుంచి నేను గుమ్మం దాటితే చాలు, బాల్కనీలోకొచ్చి నిలబడతాంది. ఇప్పుడు కూడా నిలబడే ఉంటాది. ఇచ్చేస్తే అయిపోయ్యేదే. ఇయ్యబుద్ధి కాలా. ఎందుకో నాకే తెలీలా."

తల దించుకుని మళ్లీ చెప్పింది.

"పంతొమ్మిదేండ్లల్లో ఆ ఇంట్లో ఎవరేడ్చినా ఊరుకోబెట్టింది నేనే సుభాషిణమ్మా. ఆ పొద్దు మాత్రం ఆమె ఏడుస్తాంటే చూస్తా నిలబడినా."