ఉప్పుకాగితం

నా చిన్నప్పుడు, వేలూరు దగ్గరి గుడియాత్తంలో మా ఇంట్లో ఉప్పు అంటే రెండు వస్తువులు. ఒకటి వంటింట్లో జాడీలో ఉండేది. రెండోది మా మేనత్త పనిసంచిలో ఉండేది. చెక్కనూ గోడనూ నునుపు చేసే గరుకు కాగితాన్ని మేమంతా ఉప్పుకాగితం అనేవాళ్ళం. తమిళంలోనూ దాన్ని ఉప్పుత్తాళ్ అనే అంటారు. తడిమితే కల్లుప్పు పరిచినట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. ఆ ఒక్క మాట వల్ల నేను పడ్డ అవమానం తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మా మేనత్త కొత్త ఇళ్ళలో మొజాయిక్ నేలలకు మెరుగు పెట్టేది. గది నడిమధ్యను మిషన్ రుద్దేది. మిషన్ దూరని మూలలు, గోడవారలు, మెట్ల అంచులు మా అత్త వంతు. గొంతుకూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ, ముందు సానరాయితో, ఆఖర్న ఉప్పుకాగితంతో రుద్దేది. వేలూరులో, సత్తువాచారి వైపు, వరసగా కొత్త ఇళ్ళు లేస్తున్న కాలం అది. ఇంటివాళ్ళు గది మధ్యలో తమ నీడ చూసుకుని మురిసిపోయేవాళ్ళు. మూలల దాకా వెళ్ళి చూసేది మేస్త్రీ ఒక్కడే, అదీ ఏదో వంక పెట్టి అరవడానికి. అత్త అక్కడ ఎదురు చెప్పేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం, "వేలూర్లో నా కోపం పడని మూల లేదు పాపా" అని నవ్వేది. రాయి పట్టీ పట్టీ ఆమె వేళ్ళ కొసలు అరిగిపోయాయి. ఏది గరుకో ఏది నునుపో వేళ్ళకు తెలిసేది కాదు. అందుకని వంగి, నేలకు చెంప ఆనించి చూసేది.

మా ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చింది, దాని వెనకే ఇంగ్లీషు మీడియం బడి వచ్చింది. మగ్గం నేసే మా నాన్న పట్టుబట్టి నన్ను ఆ బడిలో వేశాడు. ఒకరోజు సైన్సు టీచరు, వేలూరులో గ్లైడర్ల పోటీ ఉందని చెప్పింది. ఇంజనూ ఉండదు, దారమూ ఉండదు. చేత్తో వదిలితే గాలి మీద జారుతూ పోయే చిన్న విమానం అది. ఎవరిది వాళ్ళే చేసుకోవాలి, రెక్క ఎంత నునుపుగా ఉంటే అంత దూరం పోతుంది అంది. ఆ రాత్రి నుంచీ నాకు అది తప్ప వేరే ధ్యాస లేదు.

మా ఊరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో, డబ్బీలు చెక్క నుంచి అట్టకు మారిపోయాక మూల పడేసిన పలచటి చెక్క రేకులు ఉండేవి. వాటిని అడిగి తెచ్చుకుని రెక్కలు కోశాను. నాకు ముందునుంచీ ముక్కు మీద కోపం. రెక్క నునుపు కావడం లేదని ఉప్పుకాగితంతో బరబరా రుద్దేశాను. చిల్లు పడింది. అత్త పక్కన కూర్చుని చూస్తూ ఉంది గానీ చెయ్యి పెట్టలేదు. "నా చెయ్యి పడితే అది నీది కాకుండా పోతాది" అంది. ఆ వెనక, "కోపం కడుపులో పెట్టుకో పాపా. చేతిలోకి దించినావంటే చిల్లే" అంది.

మళ్ళీ కోశాను. ముందు ముతక కాగితం, తర్వాత సన్నది, ఆపైన పలచగా వార్నీషు. అది ఆరాక మరీ సన్నకాగితాన్ని నీళ్ళలో తడిపి మళ్ళీ రుద్దడం, మళ్ళీ వార్నీషు. అత్త పని నుంచి రాగానే రెక్కకు చెంప ఆనించి, ఎక్కడ గరుకుందో చెప్పేది. చివరికి ఒక సాయంత్రం ఆ రెక్కలో మా ఇంటి కిటికీ కనిపించింది. నేను ఎగిరి గంతేశాను.

పోటీ రోజు అత్త పని మానుకుని, పనిసంచి మాత్రం భుజాన వేసుకుని నాతో బస్సులో వచ్చింది. మైదానంలో షామియానా, దాని కింద బల్ల, బల్ల వెనక జడ్జీ. పెద్ద ఇంజనీరట. నా గ్లైడర్ అందుకుని రెక్క నిమిరాడు. ఇంత మెరుపు దేంతో తెచ్చావని ఇంగ్లీషులో అడిగాడు. నాకు తెలిసిన మాటనే ఇంగ్లీషు చేసుకుని, గట్టిగా, "సాల్ట్ పేపర్ సార్" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. బల్ల చుట్టూ ఉన్న పెద్దలు నవ్వారు. ఎందుకో తెలియని పిల్లలు కూడా నవ్వారు. వాడిన శాండ్‌పేపర్ పేరే ఈ పిల్లకు తెలియదు, దీన్ని ఎవరో పాలిష్ వాళ్ళ చేత చేయించుకొచ్చింది అని, నా గ్లైడర్‌ను బల్ల కింద పెట్టేశాడు. అన్నీ తెలిసిన మా టీచరు పక్కనే నిలబడి ఉంది. నోరు విప్పలేదు. ఆయన్ని ఒకవేళ క్షమించినా, ఆమెను మాత్రం నేను క్షమించలేను.

బల్ల కిందకు దూరి గ్లైడర్‌ను లాక్కుని, గేటు దగ్గర కూర్చున్న అత్త దగ్గరకు పరిగెత్తాను. జరిగింది ఏడుస్తూ చెప్పి, రెక్కను మోకాలికి ఆనించి విరవబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖం ఎర్రబడటం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నన్ను జబ్బ పట్టుకుని లాక్కుంటూ ఆ బల్ల ముందుకు తీసుకుపోయింది. పనిసంచిలోంచి ముతక ఉప్పుకాగితం తీసి, నేను వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా, అద్దంలాంటి ఆ రెక్కల మీద బర్రున ఈడ్చింది.

మెరుపంతా తెల్లటి గీతలైపోయింది. పాప మీ కళ్ళ ముందరే దీన్ని మళ్ళీ నునుపు చేస్తుంది, కూర్చుని చూడండి అని అత్త తమిళంలో జడ్జీతో అంది. నాకు టైం లేదమ్మా అని ఆయన లేచి, గ్లైడర్లు ఎగరేసే వైపు వెళ్ళిపోయాడు.

"ఆయన పోయినాడు కదత్తా! ఎవరికోసం రుద్దేది? నీ మింద కూడా కోపంగా ఉండాది నాకు" అన్నాను.

"ఉండనీ. చెయ్యి మాత్రం తేలిగ్గా ఉండాల. రుద్దు."

నేల మీద కూర్చుని, తాగే నీళ్ళలో సన్నకాగితం తడుపుకుంటూ రుద్దాను. మా నెత్తి మీదుగా మిగతా పిల్లల గ్లైడర్లు ఎగిరాయి. చప్పట్లు వినపడ్డాయి. మైకులో పేర్లు వినపడ్డాయి. ఆ రేకు ఎంత పలచనో నాకు తెలుసు, ఒక్కసారి ఎక్కువ నొక్కితే చాలు. కోపం గోరంతయినా తగ్గలేదు. కానీ నా వేళ్ళు దాని మాట వినలేదు. అలా ఉండొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. గీతలు పోయాయి. వార్నీషు లేదు కనుక కిటికీ కనిపించే మెరుపు రాలేదు. అత్త చెంప ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

అప్పటికి జడ్జీ కారెక్కి వెళ్ళిపోయాడు. ఇటు తిరిగి కూడా చూడలేదు. "ఇడిసిపెట్టు ఇంక" అంది అత్త. వదిలాను. నా గ్లైడర్ ఖాళీ కుర్చీల మీదుగా, ఆ బల్ల మీదుగా, చప్పుడు లేకుండా జారుతూ పోయి మైదానం అవతలి గోడ దగ్గర దిగింది. షామియానా విప్పుతున్నవాళ్ళు తాళ్ళు చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూశారు. వాళ్ళలో ఒకతను ఈల వేశాడు.

తర్వాత టైల్స్ వచ్చాయి, మొజాయిక్ పోయింది, అత్త పనీ పోయింది. ఆమె కూడా లేదిప్పుడు. నేను చెక్కసామాను చేయించే చిన్న పట్టడ నడుపుతున్నాను. ఆఖరి మెరుగు ఇప్పటికీ నేనే పెడతాను. కార్లలో వచ్చేవాళ్ళు బల్ల నిమిరి, ఇది దేంతో రుద్దారండీ అని ఇంగ్లీషులో అడుగుతారు. వాళ్ళ ముఖంలోకి సూటిగా చూస్తూ "సాల్ట్ పేపర్" అంటాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ. కోపం దాని చోట అది ఉంది. వాళ్ళు వెళ్ళాక, వంగి ఆ చెక్కకు చెంప ఆనిస్తాను. నా వేళ్ళకు కూడా ఇప్పుడు ఏమీ తెలియడం లేదు.