వెనక సీటు ఉన్న బండి

అతని పూర్తి పేరు షేక్ మస్తాన్ వలీ. స్వస్థలం రాయచోటి దగ్గరి ఒక పల్లె. నేనతన్ని మొదటిసారి చూసింది అల్ ఖర్జ్‌కు దక్షిణాన, పాల ఫారాలకు వెళ్లే రోడ్డు పక్కన, మా కారు ఇసుకలో ఇరుసుదాకా కూరుకుపోయిన ఒక శుక్రవారం మధ్యాహ్నం. మావారు ఆ ఫారాలలో ఒకదానిలో పశువైద్యులు. నేను రియాద్‌లోని ఒక భారతీయ పాఠశాలలో ఇరవై రెండేళ్లు తెలుగు బోధించి, పదవీ విరమణ చేసి, ఆయన క్వార్టర్‌కు చేరి అప్పటికి నెల రోజులైంది.

అతడు రంగు వెలిసిన ఎర్రటి నాలుగు చక్రాల ఇసుక బండి మీద వచ్చాడు. దాన్నిక్కడ అందరూ దబ్బాబ్ అంటారు. దిగీ దిగగానే, ఎవరినీ పలకరించకుండా, మా కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరులో గాలి వదలడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఉన్న గాలి కూడా తీసేస్తున్నావు?" అని అడిగాను.

"గాలి తగ్గితే టైరు పరుచుకుంటాది మేడమ్. బిర్రుగా ఉంటే దిగబడతాది. ఇసకలో మెత్తగా ఉండల్ల."

పది నిమిషాలలో కారు బయటపడింది. మావారు అతని ఊరూ పేరూ కనుక్కుంటున్నంతసేపూ అతడు మర్యాదగా జవాబులు చెబుతూనే ఉన్నాడు. చేతులు మాత్రం వంగిన మా నంబరు పలకను సరిచేసి, వదులైన వైపర్‌ను బిగించాయి. మేము అడగలేదు, అతడూ అడగలేదు. చేతులు చేసిన పని అతనికి తెలిసినట్టు కూడా లేదు. ఈ అలవాటును ఇక్కడ ముందే చెప్పడానికి కారణం ఉంది.

మస్తాన్ వలీ పదకొండేళ్లుగా దబ్బాబ్‌లు అమ్మి, బాగుచేసే దుకాణంలో మెకానిక్. తర్వాత మా ఇంటికి తరచూ రాసాగాడు. టీ తాగుతూ తాగుతూనే లేచి, కిర్రుమనే తలుపు బందుకు నూనె వేసేవాడు. బల్లమీద పెట్టిన నా కళ్లజోడు కాడ బిగించేవాడు. అతడు వెళ్లిపోయాక ఇంట్లో ఏది మారిందో వెతుక్కోవడం మావారికొక వినోదమైంది.

అతని భార్య హాజిరా, కూతురు సల్మా రాయచోటిలో ఉండేవారు. అతడు ఈ దేశం వచ్చేనాటికి సల్మాకు రెండున్నరేళ్లు. రెండేళ్లకొకసారి, రెండేసి నెలలు. అంతే అతడు ఆ పిల్లను చూసింది. నిరుటి చలికాలంలో ఇద్దరికీ మూడు నెలల విజిట్ వీసా వచ్చింది. సల్మా అప్పటికి తొమ్మిదో తరగతి. బడి పోతుందేమోనని అతడు నన్ను పాఠం చెప్పమని అడిగాడు, ఒప్పుకున్నాను.

పిల్ల తెలివైనది. అక్షరం గుండ్రంగానే ఉండేది గాని వరుస మాత్రం ఎప్పుడూ కుడివైపుకు ఎక్కుతూ పోయేది. గీతల కాగితం మీద కూడా గీతను లెక్కచేయని రాత. నేను మందలిస్తే నవ్వేది. తండ్రి ఎదుట మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. ఫోనులో తండ్రిని అబ్బా, అబ్బా అని పిలుస్తూ గంటలకొద్దీ మాట్లాడిన పిల్ల, మనిషి ఎదురుగా నిలబడితే తల్లిని మధ్యవర్తిని చేసేది. 'అన్నం తింటాడేమో అడుగమ్మీ' అనేది, అతడు రెండడుగుల దూరంలో ఉండగానే. మస్తాన్ వలీ ఈ సంగతి నాతో చెప్పేటప్పుడు నవ్వుతున్నట్టే చెప్పాడు. ఆ మూడు నెలల్లో కూతురు ఎదురుగా నిలబడి తనను పిలవాలి, అతని కోరిక అదొక్కటే. రోజులు లెక్కపెట్టుకుంటూ, నిలిచిన చోట నిలవలేక, అతడు పడిన ఆరాటమంతా దానికోసమే.

ఆ పని పాత దబ్బాబ్ చేసింది. ఎవరో దుకాణంలో వదిలేసి పోయిన దాన్ని అతడు ముక్కముక్కగా కూడదీసి నడిపించాడు. సీటు ఒక్కరికే సరిపోతుంది, దానికి కూడా దాణా సంచితో కుట్టిన తొడుగు. కుడి బొటనవేలితో నొక్కే మీటతో దానికి రేస్ ఇవ్వాలి. మీటను చివరిదాకా అదిమిపెడితే తప్ప అది కదలదు, కదిలినా మనిషి పరుగును మించదు. ప్రతి శుక్రవారం పొద్దు వాలే వేళ అసర్ నమాజు తర్వాత సల్మా దాన్ని తోలేది, తండ్రి పక్కన చెప్పుల్లేకుండా ఇసుకలో పరుగెత్తేవాడు. రెండో శుక్రవారం నేనూ మావారూ అక్కడే ఉన్నాం.

"అబ్బా, బండి కన్నా నువ్వే ముందర పోతాండావు," అని సల్మా అరిచింది.

అతడు ఆగిపోయాడు. బండి అతణ్ణి దాటి వెళ్లిపోయింది. చాప మీద ఫ్లాస్కుతో కూర్చున్న హాజిరాకు ఆ పిలుపు వినబడిందో లేదో గాని, ఆమె నావైపు తిరిగి, "కూతురు తోలతాది, ఈయప్ప ఉరకతాడు, నేను చాయ్ పోస్తా. ఫ్యామిలీ రైడింగంటే ఇదేనంట మేడమ్," అంది.

వేళాకోళానికన్న మాట అది. అయితే మస్తాన్ వలీ దాన్ని పట్టుకున్నాడు. వెనక సీటున్న కొత్త బండి కొనాలి, కూతురు తోలాలి, వెనక తల్లి కూర్చోవాలి, తర్వాత తాను కూర్చోవాలి. ఆ వారమంతా అతడు మా ఇంటికి ఏదో ఒక బండి బొమ్మ ఉన్న కాగితం పట్టుకుని వచ్చేవాడు. పొద్దున నీలం బండి, సాయంత్రానికి అది పనికిరాదు, సీటుకు ఆనుడు లేదు. మరునాడు ఇంకొకటి, దాని చక్రాలు ఇరుకు. నాకు బండ్ల సంగతి తెలియదని చెప్పినా వినేవాడు కాదు. కూర్చున్నవాడు లేచేవాడు, లేచినవాడు గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేవాడు. చివరికి దుకాణానికి పెట్టెల్లో వచ్చిన ఐదు బండ్లలో ఒకటి తీసుకున్నాడు. పాతదాన్ని పక్క తోటలో నీటి గొట్టాలు లాగడానికి దిలావర్ అనే పెషావర్ మనిషికి ఇచ్చేశాడు. అది పోతుంటే సల్మా గోడ దగ్గర నిలబడి, కనబడకుండా పోయేదాకా చూసిందట.

కొత్త బండి బలం వేరు. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ వివరంగా చెప్పాడు. రేస్ మీట పక్కనే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని లోపలికి బిగించేకొద్దీ మీట ప్రయాణం తగ్గుతుంది.

"మూడొంతులు బిగిచ్చే ఇస్తా మేడమ్. చివరిదాకా నొక్కినా నడక కన్నా రోంత ఎక్కువ పోతాది, అంతే. నేర్చుకునేకొద్దీ ఒక్కో చుట్టు వదల్తా."

గురువారం అతడు ఆ ఐదు బండ్లనూ వరుసగా నిలబెట్టి అమర్చాడు. అతనిది వరుసలో మూడోది.

శుక్రవారం హాజిరాకు, సల్మాకు అతడే హెల్మెట్లు పెట్టి, గడ్డం కింద పట్టీలు బిగించాడు. సల్మా ముందు, హాజిరా వెనక. 'అబ్బా, పక్కన ఉరకొద్దు, నవ్వొస్తాది' అని పిల్ల ముందే చెప్పింది. అతడు నాలుగడుగులు వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సల్మా తనకు తెలిసిన పద్ధతిలోనే తోలింది: మీటను బొటనవేలితో చివరిదాకా ఒక్కసారిగా అదిమింది.

బండి ముందు చక్రాలు నేలను వదిలాయి. అది ఎదురుగా ఉన్న దిబ్బ మీదికి దూసుకుపోయింది. హాజిరా వెనక్కి ఎగిరి, చేయి కింద పడేలా ఇసుకలో పడింది. సల్మా పైదాకా వెళ్లి, మీట వదిలి, ఆపగలిగింది. ఆ దిబ్బ మీద నిలబడి కిందికి చూసిన పిల్ల ముఖం నాకు హెల్మెట్ లోంచి కనబడలేదు. కనబడకపోవడమే మంచిదైంది.

హాజిరా మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో మోచేతిదాకా కట్టు వేసి ఆరు వారాలు కదపవద్దన్నారు.

సోమవారం సల్మా పాఠానికి వచ్చింది. రాత వరుసలు గీత మీద తిన్నగా, కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. ఇరవై రెండేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన నాకు, అంత తిన్నని వరుసలు అంతకుముందెన్నడూ గుబులు పుట్టించలేదు. ఏమైందని అడిగాను. పుస్తకం వైపే చూస్తూ చెప్పింది.

"అబ్బా నిదానంగా నొక్కమని చెప్పింటాడు మేడమ్. నేనే ఇనకుండా ఉండింటా. అమ్మీ చెయ్యి నేనే ఇరగ్గొట్టినా."

ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాటా అనలేదు. అయినా పిల్ల తండ్రితో మళ్లీ తల్లి ద్వారానే మాట్లాడుతోందట. ఆ మాటలు కూడా తగ్గిపోయాయట. హాజిరా ఒంటిచేత్తో వంట చేస్తుంటే, పక్కన నిలబడి ప్రతిదానికీ ముందే చేయి అందిస్తోందట.

మస్తాన్ వలీ ఐదు రోజులు మా గడప తొక్కలేదు. ఆరోనాడు వచ్చి, టీ కప్పు ముట్టుకోకుండా, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. తలుపు బందు మళ్లీ కిర్రుమంటోంది. అతనికి వినబడలేదు.

అలాగే కూర్చుని చెప్పాడు. వాళ్ల దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టె విప్పాక హ్యాండిల్ బిగించడం, చక్రాలు ఎక్కించడం, బ్యాటరీ తగిలించడం, ఆఖరున రేస్ మీట స్క్రూను పూర్తిగా బయటికి తిప్పేయడం. ఇక్కడి కుర్రవాళ్లు కొత్త బండిలో మొదట అడిగేది వేగమే. అడిగించుకోవడం దేనికని ముదీర్, అంటే దుకాణం మేనేజరు, ఆ పనిని అమరికలోనే కలిపేశాడు. పదకొండేళ్లుగా ఆ నాలుగు పనులూ అదే వరుసలో చేసిన చేతులు, గురువారం ఐదు బండ్లకూ అదే చేశాయి.

"మూడోది నా బిడ్డదని నాకు తెలుసు మేడమ్. నా చేతులకు తెలీలేదు."

"బిగించానో లేదో చూసుకోలేదా?"

"బిగిచ్చినాననే అనుకున్నా. ఇంటికి తెచ్చి, తుడిచి, సీటు మీద కవరు కూడా తియ్యకుండా పెట్టినా. స్క్రూ ఒక్కటి చూళ్లేదు."

"సల్మాకు చెప్పావా?"

అతడు తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడే గదా మేడమ్ అబ్బా అనేది మొదులుపెట్టింది. ఇది చెబితే ఇంక నా మొగం చూస్తాదా?"

బడిలో నేను కోపం తెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఆనాడు తెచ్చుకున్నాను. ఆ పిల్ల మోస్తున్నది తన తప్పు కాదనీ, తండ్రి తప్పును వారం రోజులుగా మోస్తోందనీ, ఆ పిల్ల రాత అలా మారిపోతే చూస్తూ కూర్చోవడం నా చేత కాదనీ చెప్పాను. అతడు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. టీ అలాగే వదిలి వెళ్లిపోయాడు. బిడ్డతో కఠినంగా మాట్లాడని మనిషితో నేను కఠినంగా మాట్లాడానేమో అని ఆ సాయంత్రమంతా నాకు స్థిమితం లేకపోయింది.

తర్వాత జరిగింది సల్మా చెప్పగా తెలిసింది. మరునాడు అతడు కూతురిని బండి దగ్గరకు పిలిచి, స్క్రూ చూపించి, అది ఎక్కడ ఉండవలసిందో, ఎక్కడ ఉన్నదో చెప్పాడు. మీటను చివరిదాకా నొక్కడం ఆమె తప్పు కాదనీ, పాత బండి మీద తానే అలా నేర్పాననీ అన్నాడు. పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు రోజులు పలకలేదు. ఆ రెండు రోజులూ అతడు దుకాణానికి వెళ్లి రావడం, ఆ తలుపు ముందు అటూ ఇటూ తిరగడం తప్ప మరేమీ చేయలేదని హాజిరా అంది.

మూడోనాడు సల్మా బయటికి వచ్చి, స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగింది. తల్లిని కాదు, అతణ్ణే. అతడు ఇవ్వబోతూ, తానే బిగిస్తానని వంగాడట. పిల్ల అతని చేయి పక్కకు తోసి, 'నువ్వు ముట్టొద్దబ్బా, నేను బిగిస్తా, నువ్వు చుట్లు లెక్కపెట్టు' అందట. అతడు లెక్కపెట్టాడు. ఆ మాట చెబుతూ సల్మా రాసిన వాక్యం చివర కొద్దిగా కుడివైపుకు ఎక్కింది. నేను దిద్దలేదు.

వీసా గడువు ముగియడంతో తల్లీకూతుళ్ల తిరుగు ప్రయాణం ఒక శనివారానికి కుదిరింది. ఆ వెంటనే దుకాణంవాళ్లు నజ్రాన్‌లో తెరిచిన మరో దుకాణానికి మస్తాన్ వలీని పంపించారు. ఇప్పుడతడు అక్కడే ఉన్నాడు. పండుగలకు ఫోను చేసి మా యోగక్షేమాలు కనుక్కుంటాడు గాని, నన్నేమీ అడగడు. అతడు నన్ను చివరగా ఒకటి అడిగింది ఆ ప్రయాణానికి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం.

లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే, చేతులు రెండూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. సల్మా రేపు ఒకసారి బండి తోలి పోతానంటోందని చెప్పాడు. అయితే వెనక సీటు ఖాళీగా ఉంటే తోలదట. తనను నమ్మి ఒక మనిషి కూర్చోవాలట. హాజిరా చేయి ఇంకా కట్టులోనే ఉంది.

"నువ్వున్నావు కదా," అన్నాను.

"నేనొద్దంటాంది మేడమ్. అది చెప్పేది నిజమే. నేను ఎనక కూచుంటే నా చెయ్యి ఊరికే ఉండదు. ముందరికి పోయి ఆ మీట పట్టుకుంటాది. అప్పుడది తోలినట్టుండదు, నేను తోలినట్టుంటాది."

నేను అరవై మూడేళ్లదానిని, మెట్లెక్కితే మోకాలు పట్టుకునేదానిని, బండి అనేదాని మీద ఏనాడూ ఎక్కనిదానిని అని అతనికి తెలుసు. తెలిసే, తలుపు బందు వైపు ఒకసారి చూసి, చేతులు బయటికి తీయకుండానే అడిగాడు.

"స్క్రూ అదే బిగిచ్చింది, చుట్లు నేను లెక్కపెట్టినా. మీరు కూచుంటారా మేడమ్, నా బిడ్డ ఎనక?"