స్మోక్ అలారానికి తొడిగిన టోపీ

విదేశంలో చదువుకునే రోజుల్లో, గిరావీన్ అనే పేటలో మేమున్న వాటాను గ్రానీ ఫ్లాట్ అనేవారు. గ్రానీ మాత్రం ముందున్న పెద్ద ఇంట్లో ఉండేది. పెరట్లోని ఆ ఒంటిగదిలో ఉండేది నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ. ఇంటివాళ్ళు భీమవరం వైపు క్రైస్తవులు. ఇంటి ఆంటీ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ అత్తగారిని మేమంతా మామ్మ అనేవాళ్ళం. మామ్మకు చెవులు బాగా మందగించాయి. ఆవిడ గది వంటింటిని ఆనుకునే ఉండేది.

అక్కడ ప్రతి ఇంటి కప్పుకూ ఒక స్మోక్ అలారం ఉంటుంది. పొగ వస్తే మోగడం దాని పని. ఇల్లు అంటుకోవడానికీ పప్పుకు తాలింపు పెట్టడానికీ తేడా దానికి ఎవరూ నేర్పలేదు. ఎండుమిరపకాయ నూనెలో పడగానే కూత మొదలెట్టేది. ఆంటీ ఒక చేత్తో గరిట తిప్పుతూ, రెండో చేత్తో చీపురుకర్ర ఎత్తి దాని బొత్తాం పొడిచేది.

నేనప్పుడు యూనివర్సిటీకి వెళ్ళని రోజుల్లో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేవాణ్ణి. బస చేసినవాళ్ళు అట్టపెట్టె విప్పి, వాడకుండా వదిలేసిన షవర్ క్యాపులను, అంటే స్నానానికి తలకు తొడుక్కునే ప్లాస్టిక్ టోపీలను, పారెయ్యాలి. పారెయ్యడానికి చేతులు రాక జేబులో వేసుకొచ్చేవాణ్ణి. ఒకరోజు ఆంటీ చీపురుకర్ర తిప్పలు చూడలేక స్టూలెక్కి, ఒక క్యాపును అలారానికి తొడిగాను. కొలత తీసి కుట్టినట్టు పట్టేసింది. ఆ సాయంత్రం మిరపకాయలు ఎంత మాడినా అలారం కిక్కురుమనలేదు.

"ఇంజినీరింగ్ చదువంటే ఇదీ" అంది ఆంటీ.

ఆ ఒక్క మాట చాలు, నేను ఊరి మీద పడ్డాను. ఆంటీ చర్చి వాళ్ళ ఇళ్ళూ, గుడిలో పరిచయమైన వాళ్ళ ఇళ్ళూ మతభేదం లేకుండా తిరిగాను. "ఇంటింటికి పోయి టోపీ పెట్టి వస్తున్నడు వీడు" అనేవాడు రూమ్మేట్. ఒక కుటుంబమైతే మెల్‌బోర్న్‌లో, క్లైడ్ నార్త్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్తూ దారిఖర్చుల్లా కొన్ని అడిగి మరీ పట్టుకెళ్ళింది.

ఆ రోజుల్లోనే ఒక నార్వే హాస్య కార్యక్రమం మా టీవీలోకి వచ్చింది. ఆదివారం సాయంత్రాలు వచ్చేది. మాటలు నార్వే భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. కూల్చెయ్యబోయే పాత ఇల్లొకటి, అందులో ఇద్దరు మగవాళ్ళు. 'ఇంట్లో ఇలా చెయ్యకండి' అని మనకు బుద్ధి చెప్పి, అవన్నీ వాళ్ళు ఆ ఇంట్లో చేసేవారు. మేడమీది గదిని నీళ్ళతో నింపేసి కింద గొడుగులు పట్టుకుని నిలబడేవారు. మేం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని పొలమారేదాకా నవ్వేవాళ్ళం.

ఒక వారం వంటింటి వంతు వచ్చింది. పొయ్యి మీద నూనె వదిలేసి ఇద్దరూ బయటికెళ్ళి కుర్చీలేసుకున్నారు. లోపల కెమెరా ఉంది. మంటకంటే ముందు పొగ బయల్దేరింది. కప్పు కింద చదునుగా పరుచుకుంది, తలుపు పైసందులోంచి పక్కగదిలోకి దూరింది. అక్కడ మంచం మీద ఒక బట్టల బొమ్మను పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. అలారం గీపెడుతోంది. రూమ్మేట్ పడీపడీ నవ్వుతున్నాడు.

నేను పళ్ళెం పక్కన పెట్టేశాను.

"ఏమైందిరా, అన్నం మంచిగ లేదా?"

"మామ్మ గది వంటింటి పక్కనే కదా."

వాడి నవ్వు ఆగింది. "తాలింపు అయినంక క్యాపు తియ్యమని చెప్పినవ్ కదా?"

చెప్పలేదు. ఏ ఇంట్లోనూ చెప్పలేదు. పొగ సంగతి ఆలోచించాల్సినవాణ్ణి పొగడ్త దగ్గరే ఆగిపోయాను.

చెయ్యి కడుక్కుని ముందింటికి పరుగెత్తాను. అక్కడ ప్రార్థన కూటం జరుగుతోంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"తండ్రీ, మా వెనకింటి బాబుకి మంచి ఉద్యోగం ఇవ్వు ప్రభువా" అంటోంది ఆంటీ. "మా ఇంట్లో గోల లేకుండా చేసేడు, స్తోత్రం."

ఆ 'స్తోత్రం' అందరితోపాటు నేను అనలేకపోయాను.

జనం వెళ్ళాక మెల్లగా అన్నాను. "ఆంటీ, ఆ క్యాపు తీసేద్దాం."

"పాతబడిపోయిందని నేనే తీసేసేను బాబూ. చూడు."

తలెత్తి చూశాను. తెల్లటి గుడ్డతో, చుట్టూ అల్లిక అంచుతో కొత్త టోపీ. "నీక్కూడా ఒకటి కుట్టేను" అంటూ మడతపెట్టి ఉన్న ఇంకోటి చేతిలో పెట్టింది.

నోటితో చెప్పే ధైర్యం చాలక, లాప్‌టాప్ తెచ్చి ఆ భాగం ఆంటీకి చూపించాను. ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు. "ఈళ్ళకి అమ్మల్లేరా?" అని మాత్రం అడిగింది. పొగ మంచం దాకా వచ్చేసరికి మామ్మ గది తలుపు వైపు చూసింది. నేను లేచేలోపు తనే స్టూలు లాక్కుని టోపీ తీసేసింది.

"నాదే తప్పు ఆంటీ."

"నర్సుని, నాకు తెలియొద్దా?" అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

క్యాపులు తీసుకున్న ఇళ్ళన్నిటికీ తిరిగి చెప్పి వచ్చాను. క్లైడ్ నార్త్ అక్కకు ఫోన్ చేశాను. "అరే తమ్ముడూ, మంచి టైముకి చేశావ్. ఈ ఇంటికి అలారాలు ఎక్కువ, ఇంకో నాలుగు పంపుతావా?" అంది. అన్నీ తీయించేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

మర్నాడు సాయంత్రం ఆంటీ వెనక తలుపులోంచి కేకేసింది. "తాలింపు పెడుతున్నా, రా బాబూ." తువ్వాలు పట్టుకుని వెళ్ళి అలారం కింద నిలబడ్డాను. అదే నాకు పడ్డ శిక్ష, వేసుకున్నదీ నేనే. మిరపకాయ పడింది. అలారం అందుకుంది. నేను పొగను తోలుతూ తువ్వాలు ఊపుతున్నాను.

మామ్మ గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని మామ్మ బయటికొచ్చింది.

"ఎవరే, అలా అరుత్తున్నారు?"

నా చెయ్యి ఆగిపోయింది. "వినపడిందా మామ్మా?"

"ఆ? ఏంటీ?" అంది మామ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఊపు బాబూ, ఆపేసేవేంటి" అంది ఆంటీ, చెవులు మూసుకుని.

తువ్వాలు భుజాన వేసుకుని, మామ్మకు అందిన ఆ కూతను ఇంకాసేపు మోగనిచ్చాను.